మిడి ఫైల్ సరిగా మోగడం లేదా? తప్పు ఫైల్‌లో ఉందో, దారిలో ఉందో, సింథ్‌లో ఉందో ముందు తేల్చండి

అడిగింది క్లుప్తంగా ఇది: పాత కంప్యూటర్‌లో బాగానే మోగిన మిడి ఫైళ్లు కొత్త విండోస్ 11 మెషీన్‌లో సరిగా రావడం లేదు. కొన్నిటికి అసలు శబ్దమే లేదు. కొన్నిట్లో డ్రమ్స్ ఉండాల్సిన చోట పియానో టకటకలాడుతోంది. పాటను మధ్యలోకి జరిపితే ఏదో ఒక నోట్ ఆగకుండా మోగుతూనే ఉంటోంది. వీఎల్‌సీ అయితే సౌండ్‌ఫాంట్ కావాలంటూ ఎర్రర్ చూపిస్తోంది. ప్లేయర్‌ను రెండుసార్లు తీసేసి మళ్లీ వేసినా మార్పు లేదు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోయే జబ్బు కాదిది. పైన చెప్పినవి నాలుగు వేర్వేరు సమస్యలు, నాలుగింటి మూలం నాలుగు చోట్ల ఉంది. ప్లేయర్‌ను తప్పుపట్టే ముందు మిడి ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

ఎంపీ3లో శబ్దం ఉంటుంది. మిడి ఫైల్‌లో శబ్దం అనేదే ఉండదు. ఏ ఛానెల్‌లో ఏ నోట్‌ను ఎప్పుడు నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏ వాయిద్యం వాడాలి అన్న ఆదేశాలే ఉంటాయి. పాట రాసిన కాగితం అనుకోండి. మూడు నిమిషాల పాట 50 కిలోబైట్లలో ఇమిడిపోయేది అందుకే. ఆ కాగితం చూసి పాడే గొంతు వేరే ఉండాలి, దాన్నే సింథ్ అంటారు. ప్లేయర్ ఫైల్‌ను చదువుతుంది, ఆదేశాలను ఒక పోర్ట్‌లోకి పంపుతుంది, పోర్ట్ అవతల ఉన్న సింథ్ వాటిని శబ్దంగా మార్చి స్పీకర్‌కు ఇస్తుంది. కంప్యూటర్ మారినప్పుడు ఫైల్ అదే ఉన్నా గొంతు మారిపోయింది. అందుకే పాట వేరేలా వినిపిస్తోంది.

కాబట్టి ముందు తెగిన చోటు పట్టుకోవాలి. దీనికి ఛానెల్ మీటర్లు చూపించే ప్లేయర్ ఒకటి కావాలి. 16 ఛానెళ్లకు 16 గీతలు ఆడుతూ కనిపిస్తాయి. పాట పెట్టి ఆ మీటర్లు చూడండి. అదే సమయంలో విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో కింద ఉండే ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ తెరిచి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో ప్రతి పరికరం పక్కన ఉండే పచ్చ గీతలు కూడా గమనించండి. ప్లేయర్ మీటర్లే కదలకపోతే తప్పు ఫైల్‌లో ఉంది. మీటర్లు ఆడుతున్నా పచ్చ గీతలు కదలకపోతే పోర్ట్‌లోనో సింథ్‌లోనో ఉంది. పచ్చ గీతలు కూడా ఆడుతూ చెవికి మాత్రం ఏమీ రాకపోతే, శబ్దం మీరు వినని పరికరానికి పోతోంది. ఈ ఒక్క నిమిషం పరీక్ష చేయకుండా ఏ సెట్టింగూ ముట్టుకోకండి.

అసలు శబ్దం రాకపోతే

విండోస్‌తో వచ్చే ‘మైక్రోసాఫ్ట్ జీఎస్ వేవ్‌టేబుల్ సింథ్’కు సొంత సెట్టింగులంటూ ఏమీ లేవు. డిఫాల్ట్ ఆడియో పరికరం ఏదైతే దానికే శబ్దం పంపుతుంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ తగిలించగానే విండోస్ ఆ మానిటర్‌ను డిఫాల్ట్ చేసేయడం మామూలే. మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే పాట గాల్లో కలిసిపోయినట్టే. స్పీకర్లను డిఫాల్ట్ చేసి, ప్లేయర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. తెరిచి ఉన్న ప్లేయర్ పాత పరికరాన్నే పట్టుకుని ఉండవచ్చు. వాల్యూమ్ మిక్సర్‌లో ఆ ప్రోగ్రామ్ ఒక్కటే మ్యూట్ అయి ఉందేమో కూడా చూడండి.

తర్వాతది పోర్ట్. ప్లేయర్ ఆప్షన్స్‌లో మిడి అవుట్‌పుట్ దగ్గర ఏం ఎంచుకుని ఉంది? యూఎస్‌బీ కీబోర్డు తగిలించి ఉంటే చాలా ప్లేయర్లు దాని పేరే ఎంచుకుంటాయి. కంట్రోలర్ కీబోర్డులకు సొంత శబ్దం ఉండదు, అవి ఆదేశాలు పంపడానికే పుట్టాయి. పాటంతా దాంట్లోకి పోసినా మౌనమే మిగులుతుంది. అవుట్‌పుట్‌ను సింథ్‌కు మార్చండి.

పోర్ట్ తెరవలేకపోతున్నామని గానీ, పరికరం వాడుకలో ఉందని గానీ ఎర్రర్ వస్తే, ఇంకో ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని కూర్చుందని అర్థం. విండోస్ పాత మిడి పద్ధతిలో చాలా డ్రైవర్లు ఒక పోర్ట్‌ను ఒకసారి ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. వెనకాల నడుస్తున్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, మిడి అనుమతి ఇచ్చిన బ్రౌజర్ ట్యాబ్, క్రాష్ అయ్యాక కూడా టాస్క్ మేనేజర్‌లో మిగిలిపోయిన పాత ప్రాసెస్, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. మూసేస్తే సరి.

జాబితాలో మైక్రోసాఫ్ట్ సింథ్ పేరే లేకపోతే రెండు చూడాలి. మొదటిది, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దాని లోపల డ్రైవర్స్ ఫోల్డర్‌లో జీఎం.డీఎల్‌ఎస్ అనే ఫైల్ ఉండాలి, సుమారు 3.3 మెగాబైట్లు ఉంటుంది. వాయిద్యాల శబ్దాలన్నీ అందులోనే ఉన్నాయి. అది పోయి ఉంటే విండోస్ ఫైళ్లను సరిచేసే సిస్టమ్ ఫైల్ చెకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. రెండోది రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, డ్రైవర్స్32 దాకా వెళ్లండి. అక్కడ ‘మిడి’ అనే స్ట్రింగ్ విలువ డబ్ల్యూడీఎంఏయూడీ.డీఆర్‌వీ అని, ‘మిడిమ్యాపర్’ విలువ మిడిమ్యాప్.డీఎల్‌ఎల్ అని ఉండాలి. ఏదో డ్రైవర్‌ను సగం సగంగా తీసేసినప్పుడు ఇవి చెరిగిపోతుంటాయి. మార్చే ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. 32 బిట్ ప్రోగ్రాములు చూసే కాపీ వేరే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్ లోపల. ఒకటి సరిచేసి రెండోది మరిచిపోతే కొన్ని ప్లేయర్లలో మాత్రమే మోగుతుంది.

యూఎస్‌బీ పరికరాలను రకరకాల సాకెట్లలో మార్చి మార్చి పెట్టేవారికి ఇంకో చిక్కు ఉంది. ఆ రిజిస్ట్రీ జాబితాలో మిడి నుంచి మిడి9 వరకు పదే స్థానాలు. పాత పరికరాల ఎంట్రీలు పేరుకుపోతే కొత్తదానికి చోటుండదు. డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కితే ఇప్పుడు తగిలించి లేని పాత పరికరాలు వెలిసిపోయిన రంగులో కనిపిస్తాయి. మిడికి సంబంధించినవి చూసి తీసేయండి.

వీఎల్‌సీ సంగతి

ఇది అన్నిటికన్నా తేలిక. వీఎల్‌సీ విండోస్ సింథ్‌ను వాడదు, ఫ్లూయిడ్‌సింథ్ అనే తన సొంత సింథ్‌ను వాడుతుంది. దానికి శబ్దాల ఫైల్, అంటే ఎస్‌ఎఫ్2 సౌండ్‌ఫాంట్, మీరే ఇవ్వాలి. టూల్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, కింద ఎడమవైపు ‘షో సెట్టింగ్స్’ దగ్గర ‘ఆల్’ ఎంచుకోండి. ఇన్‌పుట్ / కోడెక్స్, ఆడియో కోడెక్స్, ఫ్లూయిడ్‌సింథ్. అక్కడ సౌండ్‌ఫాంట్ ఫైల్ దారి ఇచ్చి, సేవ్ చేసి, వీఎల్‌సీని మూసి తెరవండి. డెబియన్ కుటుంబపు లినక్స్‌లో ఆ ప్లగిన్ విడి ప్యాకేజీగా వస్తుంది, ముందు దాన్ని వేసుకోవాలి.

సౌండ్‌ఫాంట్ ఎంచుకునేటప్పుడు జరిగే పొరపాట్లు కొన్ని. ఎస్‌ఎఫ్‌ఆర్క్ ఎక్స్‌టెన్షన్‌తో వచ్చేది కుదించిన ఫైల్, దాన్ని విప్పాలి. పేరు చివర ఎస్‌ఎఫ్2 అని మార్చినంత మాత్రాన పనిచేయదు. ఎస్‌ఎఫ్3 లోపల శబ్దాలు ఆగ్ వోర్బిస్‌లో కుదించి ఉంటాయి, పాత సింథ్‌లు దాన్ని చదవలేవు. పియానో ఒక్కటే ఉన్న సౌండ్‌ఫాంట్ ఇస్తే వేణువైనా వయొలిన్ అయినా పియానోగానే వస్తుంది, లేదా మౌనంగా పోతుంది. జనరల్ మిడి, అంటే వాయిద్యాలకు అందరూ ఒప్పుకున్న నంబర్ల వరుస, అందులోని 128 వాయిద్యాలూ డ్రమ్ కిట్లూ ఉన్నదే కావాలి. జనరల్‌యూజర్ జీఎస్ సుమారు 30 మెగాబైట్లు, ఫ్లూయిడ్ఆర్3 సుమారు 140. పరిమాణం చూసి మోసపోవద్దు, 30 మెగాబైట్లదే చాలా పాటల్లో సమతూకంగా వినిపిస్తుంది. ఫైల్‌ను తెలుగు పేరున్న ఫోల్డర్‌లో పెట్టకండి. యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాములకు ఆ దారి దొరకదు.

మామూలు ప్లేయర్లలో కూడా మంచి శబ్దం కావాలంటే కూల్‌సాఫ్ట్ వర్చువల్‌మిడిసింథ్ వేసి, అందులో ఒకే ఒక్క సౌండ్‌ఫాంట్ చేర్చి పరీక్షించండి. అది కొత్త మిడి పోర్ట్‌గా కనిపిస్తుంది. డిఫాల్ట్ మిడి పరికరాన్ని మార్చే చోటు విస్టా నుంచే కంట్రోల్ ప్యానెల్‌లో లేదు. కాబట్టి పోర్ట్ ఎంచుకునే వీలులేని ప్లేయర్ల కోసం అదే రచయిత ఇచ్చే మిడిమ్యాపర్ కూడా వేసుకోవాలి.

డ్రమ్స్ బదులు పియానో

మీ ప్రశ్నలో అసలైన చిక్కు ఇదే. జనరల్ మిడి 1991లో వచ్చింది. 10వ ఛానెల్ డ్రమ్స్‌కు, మిగతావి వాయిద్యాలకు అన్నది దాని నియమం. దాన్ని తమ పద్ధతిలో విస్తరిస్తూ అదే ఏడాది రోలాండ్ కంపెనీ తన జీఎస్‌ను, 1994లో యమహా ఎక్స్‌జీని తెచ్చాయి. రెండూ ఇంకో ఛానెల్‌లో రెండో డ్రమ్ కిట్ పెట్టుకునే వీలు ఇచ్చాయి, కానీ ఒకరి పద్ధతి ఇంకొకరికి అర్థం కాదు. జీఎస్ ఫైల్ ఆ సంగతిని సిస్‌ఎక్స్ సందేశంతో, అంటే సింథ్ సెట్టింగులు మార్చే ప్రత్యేక ఆదేశంతో చెబుతుంది. ఎక్స్‌జీ ఫైల్ కంట్రోలర్ 0లో 127 పంపి చెబుతుంది (ఇక్కడ కంట్రోలర్ అంటే కీబోర్డు కాదు, నంబరు వేసిన సెట్టింగ్ ఆదేశం; 0వది వాయిద్యాల బ్యాంక్‌ను, అంటే గుంపును, ఎంచుకుంటుంది). ఎక్స్‌జీ కోసం రాసిన పాటను జీఎస్ సింథ్‌కు ఇస్తే ఆ 127 దానికి అర్థం కాదు. ప్రోగ్రామ్ 0, అంటే 0వ వాయిద్యం, అని మాత్రం చూసి గ్రాండ్ పియానో తీస్తుంది. స్నేర్ నోట్ 38, హై-హ్యాట్ నోట్ 42 అన్నీ పియానో ఎడమవైపు మీటలుగా మోగుతాయి. మీరు వింటున్న టకటక అదే.

ముందు ఏ ఛానెల్ అలా మోగుతోందో చూడండి. 10 కాకుండా 9, 11 లాంటిదైతే పై కారణమే. ఫైల్ మొదట్లో ఉన్న రీసెట్ సందేశం (సింథ్‌ను మొదటి స్థితికి తెచ్చే సిస్‌ఎక్స్) అది ఏ జాతి ఫైలో చెబుతుంది. జనరల్ మిడి (జీఎం) రీసెట్ ఎఫ్0 7ఈ 7ఎఫ్ 09 01 ఎఫ్7. ఎక్స్‌జీది ఎఫ్0 43తో, జీఎస్‌ది ఎఫ్0 41తో మొదలవుతుంది. ప్లేయర్‌లో సిస్‌ఎక్స్ పంపకుండా అడ్డుకునే టిక్ ఉంటే తీసేయండి. ఫ్లూయిడ్‌సింథ్‌లో బ్యాంక్ సెలెక్ట్ పద్ధతి మామూలుగా జీఎస్ మీద ఉంటుంది, ఎక్స్‌జీ ఫైళ్లకు ఎక్స్‌జీకి మార్చండి. 10వ ఛానెలే పియానోగా మోగితే సౌండ్‌ఫాంట్‌లో డ్రమ్ కిట్ లేనట్టు. ఎస్‌ఎఫ్2లో డ్రమ్స్ 128వ బ్యాంక్‌లో ఉండాలి.

ఛానెల్ లెక్కలో ఒక తకరారు ఉంది. కొన్ని ప్రోగ్రాములు 1 నుంచి 16 అని, కొన్ని 0 నుంచి 15 అని చూపిస్తాయి. రెండో రకంలో డ్రమ్స్ 9 దగ్గర కనిపిస్తాయి. వాయిద్యాలకూ ఇదే తిరకాసు: 1 నుంచి లెక్కపెడితే వయొలిన్ 41, వియోలా 42. 0 నుంచి లెక్కపెట్టే ప్రోగ్రామ్‌లో 41 టైప్ చేస్తే వియోలా వస్తుంది. వాయిద్యాలన్నీ ఒక్కో అంకె పక్కకు జరిగినట్టుంటే కారణం వెతకనక్కర్లేదు.

ఒక్క డ్రమ్సే కాక వాయిద్యాలన్నీ పిచ్చిపిచ్చిగా వస్తున్న పాత గేమ్ ఫైలైతే అది రోలాండ్ ఎంటీ-32 కోసం రాసినది కావచ్చు. 1987 నాటి ఆ పెట్టెకు జనరల్ మిడి వరుస తెలియదు, దాని వరుస దానిదే. ఆ పెట్టెను కంప్యూటర్‌లో అనుకరించే మంట్ అనే ఎమ్యులేటర్, దానికి కావాల్సిన రోమ్ (ROM) ఫైళ్లు ఉంటేనే అది సరిగా మోగుతుంది. సౌండ్‌ఫాంట్లు ఎన్ని మార్చినా లాభం లేదు.

పాట మొదటి రెండు మూడు నోట్లు మాత్రమే తప్పుగా రావడం, లేదా అసలు వినబడకుండా పోవడం కూడా రీసెట్ పుణ్యమే. రీసెట్ అందుకున్న సింథ్ తేరుకోవడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ వెంటనే నోట్లు పెట్టి ఉంటే పోతాయి. ఎడిటర్‌లో పాటంతా ఒక బార్ ఆలస్యంగా మొదలయ్యేలా జరిపి, రీసెట్‌ను మొదట్లోనే ఉంచండి.

ఆగని నోట్

నోట్ నొక్కమని ఒక ఆదేశం, వదలమని ఇంకో ఆదేశం. పాటను మధ్యలోకి జరిపినప్పుడు రెండోది దాటిపోతే నోట్ మోగుతూనే ఉంటుంది. మంచి ప్లేయర్ జరిపే ముందు అన్నిటినీ ఆపుతుంది. అంతేకాదు, దాటిపోయిన వాయిద్యపు మార్పులు, వాల్యూమ్ విలువలు ఏరి సింథ్‌కు ముందే పంపుతుంది. మధ్యలోకి జరిపితే వాయిద్యాలు మారిపోతున్నాయంటే మీ ప్లేయర్ ఆ పని చేయడం లేదు. దానికి ప్లేయర్ మార్చడమే మందు.

ప్యానిక్ బటన్ (మోగుతున్నవన్నీ ఆపేందుకు ప్లేయర్‌లో ఉండే బటన్) నొక్కినా ఆగని నోట్ల గురించి కొందరు తికమక పడతారు. చాలా ప్యానిక్ బటన్లు కంట్రోలర్ 123 పంపుతాయి. అది నొక్కి ఉన్న మీటలను వదిలిస్తుంది, అంతే. కంట్రోలర్ 64, అంటే సస్టెయిన్ పెడల్, నొక్కి ఉంటే నోట్ ఆగదు. కంట్రోలర్ 64కు 0 పంపాలి. అదీ కుదరకపోతే 120 పంపితే సింథ్ అక్కడికక్కడే నోరు మూస్తుంది. పాట మోగుతుండగా శ్రుతి మార్చినా ఇదే జరుగుతుంది: 60 నోట్ నొక్కాక రెండు మెట్లు పెంచితే, వదిలే ఆదేశం 62కు పోతుంది, 60 అలాగే మిగులుతుంది.

జారుడు స్వరాలు తప్పు చోట ఆగుతుంటే అది వేరే సంగతి. పిచ్ బెండ్ మామూలుగా రెండు సెమిటోన్ల మేరకే వంగుతుంది. ఫైల్ దాన్ని 12కు పెంచాలనుకుంటే కంట్రోలర్ 101కు 0, 100కు 0, ఆ తర్వాత 6కు 12 పంపుతుంది. మధ్యలోకి జరిపినప్పుడు ఇవి దాటిపోతే గమకమంతా అపశ్రుతి అవుతుంది. మొదటి నుంచి వాయిస్తే సరిగానే ఉందా అని చూస్తే తేలిపోతుంది.

చిటపటలు, తత్తరపాటు, వేగం

చిటపట శబ్దం ఎప్పుడు వస్తోందో గమనించండి. గట్టిగా ఉన్న చోట వస్తే శబ్దం హద్దు దాటి చిట్లుతోంది, సింథ్ గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే మోతాదు, తగ్గించండి. ఫ్లూయిడ్‌సింథ్ మామూలు గెయిన్ 0.2 మాత్రమే. చిన్నగా ఉందని 1కి పెంచేవాళ్లే ఎక్కువ, ఆ తర్వాత సౌండ్‌ఫాంట్‌ను తిట్టేదీ వాళ్లే. నోట్లు కిక్కిరిసిన చోట వస్తే బఫర్, అంటే శబ్దాన్ని ముందే సిద్ధం చేసి నిల్వ ఉంచే చోటు, చాలడం లేదు. 44,100 శాంపిల్ రేటు దగ్గర 256 శాంపిళ్ల బఫర్ అంటే 5.8 మిల్లీసెకన్లు, 1024 అంటే 23, 2048 అంటే 46. ఫైల్ వినడానికే అయితే 2048 పెట్టేయండి, ఆలస్యం ఎవరికీ తెలియదు. కీబోర్డు మీద వాయించేటప్పుడే చిన్న బఫర్ కావాలి. అందుకు మైక్రోసాఫ్ట్ సింథ్ అసలు పనికిరాదు, మీట నొక్కాక శబ్దం వచ్చే ఆలస్యం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా అంతే. లాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లో ఉంటే ముందు దాన్ని తీసి చూడండి. ఇంకా అనుమానమైతే అదే పాటను వేవ్ ఫైల్‌గా రెండర్ చేయండి, అంటే నేరుగా వాయించకుండా శబ్దపు ఫైల్‌గా రాయించండి. రెండర్ శుభ్రంగా ఉండి నేరుగా వాయిస్తే చిటపటలాడితే, తప్పు ఆడియో డ్రైవర్‌లోనో బఫర్‌లోనో ఉంది.

చిటపట లేకుండా నోట్లు మాయమవుతుంటే పాలీఫోనీ హద్దు, అంటే సింథ్ ఒకేసారి మోగించగల గొంతుల లెక్క, తగిలింది. జనరల్ మిడి అడిగేది కనీసం 24 గొంతులు. స్టీరియో శాంపిళ్లున్న వాయిద్యంలో ఒక్క నోట్‌కే రెండు గొంతులు ఖర్చవుతాయి, పెడల్ నొక్కిన పియానో అయితే ఇంకా తొందరగా. ఫ్లూయిడ్‌సింథ్ మామూలు హద్దు 256, అది దాదాపు ఎప్పుడూ సరిపోతుంది.

కేబుల్ ద్వారా బయటి సింథ్‌కు పంపేవారికి ఒక మాట. ఐదు పిన్నుల పాత మిడి కేబుల్ వేగం సెకనుకు 31,250 బిట్లు. మూడు బైట్ల ఒక్క నోట్ దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. 16 ఛానెళ్లూ ఒకే క్షణంలో మోగాలంటే చివరిది వెనకబడుతుంది. చవక యూఎస్‌బీ-మిడి కేబుళ్లలో చాలావాటికి పెద్ద సిస్‌ఎక్స్ సందేశాలను మింగేసే జబ్బు ఉంది, పైన చెప్పిన డ్రమ్స్ సమస్య వీటితో కూడా వస్తుంది.

అన్ని పాటలూ ఒకే వేగంతో పోతుంటే టెంపో ఆదేశం పోయింది. అది లేకపోతే ప్లేయర్ నిమిషానికి 120 బీట్లు అనుకుంటుంది. ఫార్మాట్ 1 ఫైళ్లలో టెంపో మొదటి ట్రాక్‌లో ఉంటుంది. ఎవరైనా ఆ ట్రాక్ ఖాళీగా ఉందనుకుని తీసేసినా, ఒక్క వాయిద్యపు ట్రాక్‌నే విడిగా సేవ్ చేసినా ఇలా అవుతుంది.

మీటర్లే కదలని ఫైళ్లు

ఫైల్‌ను బైట్ బైట్‌గా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి నాలుగు బైట్లు 4డీ 54 68 64 ఉండాలి. ఆర్‌ఐఎఫ్‌ఎఫ్ అన్న అక్షరాలు కనిపిస్తే అది ఆర్‌ఎంఐ ఫైల్ (మిడిని ఇంకో కవర్‌లో పెట్టిన రకం), లోపల మిడి బాగానే ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ సరిచేయండి. మొదట్లో హెచ్‌టీఎంఎల్ కనిపిస్తే మీరు దింపుకున్నది పాట కాదు, డౌన్‌లోడ్ పేజీ. ఆ తర్వాత నాలుగు బైట్లు పొడవు, 6 ఉండాలి. ఆ వెంటనే రెండు బైట్లు ఫార్మాట్. 0, 1 అన్ని చోట్లా మోగుతాయి, 2ను చాలా ప్లేయర్లు ముట్టుకోవు. కేఏఆర్ (కరోకే) ఫైల్ కూడా మిడి ఫైలే. అందులో పాట పదాలు గజిబిజి గుర్తులుగా కనిపిస్తే, అవి ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో ఫైల్ చెప్పకపోవడమే కారణం. సంగీతానికి దానితో సంబంధం లేదు.

లినక్స్, మ్యాక్

లినక్స్‌లో ఎప్లేమిడి కమాండ్‌తో పోర్టుల జాబితా తీయండి. ‘మిడి త్రూ’ ఒక్కటే కనిపిస్తే సింథ్ నడవడం లేదు. ఫ్లూయిడ్‌సింథ్‌నో టిమిడిటీనో ముందు మొదలుపెట్టి, అది చూపించిన పోర్ట్ నంబర్‌కు పంపాలి. జాబితాయే తెరుచుకోకపోతే ఆల్సా సీక్వెన్సర్ కెర్నల్ మాడ్యూల్ లోడ్ కాలేదు. మ్యాక్‌లో క్విక్‌టైమ్ 7 మిడి వాయించేది, 2019లో వచ్చిన కేటలీనాతో 32 బిట్ ప్రోగ్రాములన్నిటితో పాటే అదీ పోయింది. ఇప్పటి క్విక్‌టైమ్ ప్లేయర్ మిడిని తెరవదు. గ్యారేజ్‌బ్యాండ్‌లోకి ఫైల్‌ను లాగి వదిలితే మోగుతుంది, కానీ వాయిద్యాల ఎంపికలో అది తన ఇష్టం చూపిస్తుంది, ట్రాక్ ట్రాక్‌కూ సరిచూసుకోవాలి.